లెక్కలో ఒకరు ఎక్కువ

మా మేస్త్రి పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఒక ప్రయాణికుల ఓడను అమ్ముతూ ఉన్నాను.

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తు. బల్లకు అవతల కొనేవాళ్ళు ఐదుగురు కూర్చుని ఉన్నారు. నా ఫోన్ రెండుసార్లు వణికింది. చూస్తే మేస్త్రి భార్య నంబరు. ఆమె నాకు ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చేసిన మనిషి కాదు. బయటికి వచ్చి ఎత్తాను.

"పాపా, ఆయన పొద్దున్న పోయినాడు. కాఫీ అడిగినాడు. రెండు గ్లాసుల్లో పోసుకొని వచ్చేలోపల పోయినాడు," అంది. గొంతులో ఏడుపు లేదు. తర్వాత, "పనులన్నీ అయినంక నువ్వు ఒకసారి రావాల. ఒకదానివే రా," అంది.

రెండు గ్లాసులు ఎందుకని నేను అడగలేదు. ఒకటి ఆయనకు, ఒకటి ఆమెకు అనుకున్నాను. గదిలోకి తిరిగి వెళ్ళి మిగిలిన మాటలు చెప్పాను. ఆ ఓడకు ఎన్ని పడకలో కూడా తప్పు చెప్పానని మా మేనేజరు తర్వాత అన్నాడు.

బెంగళూరులో ఓడలేమిటని మీరు నవ్వుతారని తెలుసు. పెళ్ళి చూపుల్లో కూడా నన్ను అందరూ ఇదే అడిగారు. మా కంపెనీ నేవీకి గస్తీ ఓడలు, సరుకుల ఓడలు, జనాన్ని దాటించే ఓడలు కట్టి అమ్ముతుంది. కట్టేది ఎక్కడో తూర్పు తీరంలో. గీసేదీ అమ్మేదీ మాత్రం ఇక్కడ, కనుచూపు మేరలో చెరువు కూడా సరిగా మిగలని ఊళ్ళో. కొనేవాళ్ళకు కాగితం మీద గీతలు చూపిస్తే ఆవలిస్తారు. అందుకని ప్రతి ఓడకూ ముందు చెక్కతో ఒక మోడల్ చేసి అద్దాల పెట్టెలో పెడతాం. వాళ్ళు దాని చుట్టూ తిరిగి, వంగి, కిటికీల్లోంచి తొంగి చూసి, అప్పుడు సంతకం పెడతారు. ఆ మోడళ్ళన్నీ మా మేస్త్రి చేతివి. మాకు జీతాలు ఇచ్చింది కంపెనీయే కానీ, ఓడలు అమ్మింది ఆయనే అని నేను ఇప్పటికీ అంటాను.

ఆయనది కాడుగోడి. ఆ ఊరు బెంగళూరులో కలవకముందు నుంచీ అక్కడే ఉన్న తెలుగు వాళ్ళ కుటుంబం. పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో మడిచిన ఉప్పుకాగితం. ఆఫీసు వెనకాల రేకుల షెడ్డు ఆయన పనిగది. టేకు పొట్టు, సరేసు కలిసిన వాసన వేసేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను పిలిచి ఒక ఓడ పొట్ట మీద చెయ్యి పెట్టించి, "కండ్లు మూసుకొని తడుము. తప్పు కంటికి దొరకదమ్మా, వేలికి దొరుకుతాది," అన్నారు. నాకేమీ దొరకలేదు. ఆయనకు దొరికింది. ఆ వారం పని అంతా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టారు.

ముప్పై ఏళ్ళు ఓడలు చేసిన మనిషి సముద్రం చూడలేదు. ఒకసారి కంపెనీ వాళ్ళే తీసుకుపోతామన్నా రానన్నారు. "నాకెందుకప్పా సముద్రం. అది ఓడలకు కావాల, నాకు కాదు కదా," అన్నారు.

ప్రయాణికుల ఓడల మోడళ్ళ మీద మనుషుల బొమ్మలు నిలబెట్టాలి. లేకపోతే ఓడ ఎంత పెద్దదో చూసేవాళ్ళకు తెలియదు. చిటికెన వేలి గోరంత మనుషులు. ఒక్కొక్కరి కాలి కింద గుండుసూది ముక్క, డెక్కు మీద దానికి సరిపడా రంధ్రం. ఆ బొమ్మలకు ఆయన ముఖం మాత్రం పెట్టేవారు కాదు. నున్నటి తల, అంతే. ఎందుకని అడిగితే, "ముఖం పెడితే పేరు అడుగుతాది. పేరు పెడితే ఊరు అడుగుతాది. మనకెందుకు," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇంకో పద్ధతి ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదే నా కర్మ.

ఆయన నాన్న, తాత ఊయలలు చేసేవాళ్ళు. ఖాళీ ఊయల ఊపకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు కదా. వాళ్ళ ఇంట్లో ఇంకో అడుగు ముందుకు వెళ్ళారు. ఊయల ఇచ్చేటప్పుడు దానికి వేలాడే చెక్క చిలకల్లో ఒకదాన్ని బిగించకుండా తమ దగ్గరే ఉంచుకునేవాళ్ళట. బిడ్డ మొదటిసారి పడుకుని లేచాక ఆ ఇంటికి వెళ్ళి చిలకను కట్టి వచ్చేవాళ్ళు. "అన్నీ అయిపోయి ఖాళీగా ఉండే దాంట్లో మనోళ్ళ కంటే ముందు వేరేవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఇంకా కాలేదు అని తెలిస్తే రారు," అని ఆయన నాకు చెప్పారు. అలాగే ఓడ మోడల్‌కు కూడా ఆయన ఒకటి తక్కువ పెట్టేవారు. ప్రయాణికుల ఓడ అయితే ఒక మనిషి. డెక్కు మీద ఒక రంధ్రం ఖాళీగా ఉండేది. అసలు ఓడ నీళ్ళ మీదికి వెళ్ళి, మనుషులు ఎక్కి దిగారని ఓడలు కట్టే యార్డు నుంచి కబురు వచ్చాక, తన రేకు డబ్బాలోంచి ఆ చివరి బొమ్మను తీసి గుచ్చేవారు.

ఇదంతా ఆయన నాకు చెప్పింది, నేను చేయాల్సిన తప్పు చేసేశాక.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. జనాన్ని దాటించే ఒక పెద్ద ఫెర్రీ కొనడానికి వచ్చేవాళ్ళు మధ్యాహ్నం వస్తారనగా పొద్దున అద్దం తుడుస్తూ డెక్కు మీద ఖాళీ రంధ్రం చూశాను. మేస్త్రి ఎవరిదో పెళ్ళికి సెలవు పెట్టారు. చిన్న లోపానికి కూడా ఇల్లెక్కి అరిచే మేనేజరు అప్పట్లో మాకు ఉండేవాడు. నేను షెడ్డులోకి వెళ్ళి సొరుగు వెతికి ఒక బొమ్మ తీశాను. అది రంగు వేయనిది. నా బ్యాగులో ఎర్ర గోళ్ళరంగు ఉంటే దానితో చొక్కా వేశాను. మిగతా బొమ్మలకు ముఖాలు లేవని అప్పుడు గమనించనే లేదు. బాల్‌పెన్నుతో రెండు కళ్ళు చుక్కలు పెట్టి, ముద్దుగా ఉందనుకుని, రెయిలింగ్ పక్కన గుచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వాళ్ళు వచ్చారు, చూశారు, సంతకం పెట్టారు. మోడల్ ఎంత నచ్చిందంటే తమ రేవులోని ఆఫీసుకు వెంటనే తీసుకుపోతామన్నారు. ఓడ కట్టకముందే మోడల్ మా గది దాటడం అదే మొదటిసారి.

మర్నాడు మేస్త్రి వచ్చి ఖాళీ అయిన బల్ల చూశారు. నేను గొప్పగా చెప్పాను, బొమ్మ లేకపోతే నేనే పెట్టానని. ఆయన ఖాళీ బల్లను ఒకసారి వేళ్ళతో తడిమారు. తర్వాత మెల్లగా, "ఎవరిని ఎక్కించినావమ్మా?" అన్నారు. అప్పుడే ఊయల సంగతి చెప్పారు. నేను క్షమించమన్నాను కానీ, నిజం చెప్పాలంటే, ముసలాయన చాదస్తం అనుకున్నాను.

రెండేళ్ళకు ఆ ఫెర్రీ తయారైంది. మా తమ్ముడు మా కంపెనీ యార్డులోనే ఇంజిను పని చేస్తాడు. నేనే చేర్పించాను. ఓడను మొదటిసారి సముద్రంలోకి తీసుకెళ్ళి పరీక్షించేటప్పుడు వాడు అందులో ఉన్నాడు. తిరిగి వచ్చిన సాయంత్రం ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"అక్కా, మా కెప్టెనుకు లెక్క రాదు. లిస్టులో నలభై ఒక్కరము ఉండాము. డెక్కు మీద నిలబెట్టి లెక్క పెడితే నలభై రెండు. మూడుసార్లు పెట్టినాడు, నలభై రెండే. లైఫ్ జాకెట్లు పంచితే ఒకటి తక్కువ పడింది. ఎవరికి లేదో చూస్తే అందరికీ ఉండాది."

"ఒడ్డుకు వచ్చాక?" అన్నాను.

"ఒడ్డున నలభై ఒక్కరమే."

నాకు నవ్వు రాలేదు. రెండో పరీక్షలోనూ అలాగే జరిగింది. మూడోసారికి తమ్ముడి గొంతులో కూడా నవ్వు పోయింది. ఎవరో ఎర్ర చొక్కా మనిషి రెయిలింగ్ దగ్గర నిలబడి ఉన్నాడని వంటవాడు అన్నాడట. యార్డు బట్టలు అందరికీ నీలం రంగువే.

నేను షెడ్డుకు పరిగెత్తాను. మేస్త్రి ఉలి కింద పెట్టి అంతా విన్నారు.

"ఎక్కించినావు. దింపేవాళ్ళు ఎవరు?" అన్నారు. తిట్టినట్టు కాదు, నిజంగా అడిగినట్టు.

"ఇప్పుడు ఏమవుతుంది మేస్త్రీ?"

"లెక్క ఎప్పుడో ఒకనాడు సరి అవుతాది. ఎక్కువైనోడు దిగితే సరి. వాడు దిగకపోతే ఉండేవాళ్ళలో ఇంకొకడు దిగాల." ఆయన మళ్ళీ ఉలి అందుకున్నారు. "నడి సముద్రంలో."

ఆ పై సోమవారం ఫెర్రీ నాలుగు రోజుల పరీక్షకు వెళ్ళాలి. తమ్ముడు అందులో వెళ్ళాలి. సెలవు పెట్టమని బతిమాలాను. "బొమ్మ కోసమా అక్కా?" అన్నాడు, పిచ్చిదాన్ని చూసినట్టు. కొన్నవాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసి మోడల్ మీద ఒక బొమ్మ తీసేయమంటే, అద్దం సీలు చేశామని మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేశారు. శుక్రవారం మేస్త్రి నా బల్ల దగ్గరకు వచ్చి, "ఊరికే ఏడవద్దు. నేను చూసుకుంటాలే," అన్నారు. ఎలా అని అడిగే ధైర్యం నాకు లేదు. శనివారం ఆయన పనికి రాలేదు.

ఆ నాలుగు రోజులూ నేను తిన్నది ఒంటికి పట్టలేదు. శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు. "లెక్క సరిపోయింది అక్కా. నాలుగు రోజులూ నలభై ఒక్కరమే." నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత, మనుషులం కదా, మరచిపోయాను. మేస్త్రికి ఒక మాట చెప్పాను, ఆయన తల ఊపారు, అంతే. ఏం చేశారని ఒక్కసారి కూడా అడగలేదు. ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అడగకపోయినా చూస్తూనే ఉన్నాను. ఆఫీసు ఎదుటి దర్శిని అనే చిన్న హోటల్లో ఆయన ఎప్పుడూ ఒక కాఫీ ఒక్కరే తాగే మనిషి. ఆ తర్వాత నుంచి బై టూ చెప్పడం మొదలుపెట్టారు. బెంగళూరులో మీరు ఉంటే తెలుస్తుంది, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు, ఇద్దరు స్నేహితులు పంచుకోవడానికి. మేస్త్రి పక్కన ఎవరూ ఉండేవారు కాదు. ఒక గ్లాసు తాగి, రెండోది ఎదురుగా పెట్టి, అది చల్లారేదాకా కూర్చుని లేచేవారు. ఒకసారి నేను ఆ రెండో గ్లాసు అందుకోబోతే, చెయ్యి అడ్డం పెట్టి, "నీకు ఇంకొకటి చెప్తా ఉండమ్మా," అన్నారు. షెడ్డులో బెంచీ మీద ఒక చివర కూర్చునేవారు, రెండో చివర ఖాళీగా ఉంచి. నేను అక్కడ కూర్చోబోతే స్టూలు చూపించేవారు. వయసు మీద పడుతోందని అనుకున్నాం. పోయిన ఏడాది పని మానేశారు. దండ వేసి, శాలువా కప్పి పంపించాం.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున కాడుగోడి వెళ్ళాను. రైలు స్టేషను వెనకాల సందులో రెండు గదుల ఇల్లు. ఆమె తలుపు తీసి నా వెనక ఎవరైనా వచ్చారేమోనని చూసి, లోపలికి పిలిచింది. గోడకు ఆయన ఫొటో, ఇంకా వాడని దండ. వంటింటి గట్టు మీద రెండు కంచాలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"తోడుగా ఎవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాను, కంచాలు చూసి.

ఆమె అలమరలోంచి ఆ రేకు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెరిచాను. లోపల దూది. దూది మీద ఎర్ర చొక్కా మనిషి. నా గోళ్ళరంగు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. బాల్‌పెన్ను చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి, నన్నే చూస్తూ. పాదాల దగ్గర తెల్లగా ఏదో పట్టి ఉంది. వేలితో తడిమాను, ఆయన నేర్పినట్టు. అది ఉప్పు.

"ఆ శనివారం బస్సెక్కి పోయినాడు పాపా," అంది ఆమె. "ఎక్కడికని అడిగితే, ఒకాయనను దింపి రావాల అన్నాడు. మోడల్ బాగు చేసేదానికి కంపెనీ వాళ్ళు పంపించినారని వాళ్ళ దగ్గర సుళ్ళు చెప్పి అద్దం తీయించినాడంట. జీవితంలో అదొక్కటే అబద్ధం చెప్పినా అన్నాడు. బొమ్మను చేతిలో పెట్టుకొని సముద్రంలోకి మోకాళ్ళ దాకా దిగినాడంట. ఆదివారం సాయంత్రం వచ్చినాడు, పంచె అంచంతా ఉప్పు చారలు. సముద్రం ఎట్ల ఉండాది అని అడిగితే, నీళ్ళు ఉండాయి అన్నాడు."

నేను నవ్వాను, నవ్వుతూనే ఏడుపు వచ్చింది. ముప్పై ఏళ్ళు వద్దన్న సముద్రానికి ఆయన నా కోసం వెళ్ళారు. మా తమ్ముడి కోసం వెళ్ళారు. ఐదేళ్ళు నా ఎదురుగా తిరిగి, ఒక్క మాట అనలేదు.

"అక్కడే వదిలేసి రావాల్సింది కదా," అన్నాను.

"నేనూ అదే అడిగితిని. వదిలేద్దామనే పోయినాను, ఒడ్డున ఒక్కడే నిలబడి చూస్తా ఉండాడు, ఎక్కడికి పోతాడు పాపం, మన పాప తెలీక పిలిచింది కదా, అన్నాడు. ఇంటికి పిలుచుకొని వచ్చినాడు. ఆ దినం నుంచి ముగ్గురికి వండమన్నాడు." ఆమె ఇదంతా, ఊరి నుంచి ఒక చుట్టం వచ్చి ఉన్నట్టు, మామూలుగా చెప్పింది. "ఒక కంచంలో ఉప్పు వద్దు అన్నాడు. సముద్రం మీద ఆయన ఉప్పు చానా తిన్నాడు, చాలు అన్నాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత అలవాటైంది. ఏం గొడవ లేదు. సుమ్నే, ఊరికే ఉంటాడు."

వంటింట్లోని రెండు కంచాల వైపు చూడకుండా ఉండటానికి నేను ఫొటో వైపు చూశాను.

"ఆయన పోయినంక ఇల్లు బోసిగా ఉంటుందని అందరూ అన్నారు. లేదు పాపా. ముందు మాదిరే ఇద్దరమే ఉండాము." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు మొదటిసారి ఆమె ఏడవడం చూశాను. "నాకు భయం ఏం లేదు. కానీ వచ్చే నెల మా అన్న ఇంటికి పోవాల నేను. చిన్న ఇల్లు, కోడండ్లు, పిల్లోళ్ళు. అక్కడ ఒక కంచం ఎక్కువ పెట్టమని నేనెట్ల అడిగేది? ఈ ఇల్లు ఖాళీ చేస్తే ఈయన ఎక్కడ ఉంటాడు?"

ఒకదానివే రా అని ఎందుకన్నదో అప్పుడు అర్థమైంది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. మేస్త్రి కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ దంపతుల పద్ధతే అంత. నా తప్పును ఆరేళ్ళు తమ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు, నాకు తెలియనివ్వకుండా. నాకు భయం వేసింది. కానీ ఆ డబ్బాను తిరిగి ఆమె ఒళ్ళో పెట్టడం నా వల్ల కాలేదు.

"నేను తీసుకుపోతానమ్మా," అన్నాను.

ఆమె డబ్బా మూత వేసి, గుమ్మం దాకా వచ్చి, నాతో కాకుండా నా పక్కన ఉన్న గాలితో, "పోయి రాప్పా. పాప మంచిది," అంది.

ఆటోలో నేను సీటుకు ఒక చివర కూర్చున్నాను. ఎందుకలా కూర్చున్నానో దిగేటప్పుడు కానీ గమనించలేదు. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఆమె రిజిస్టరు మూసేసి కూర్చుని ఉంది. నన్ను రోజూ చూసే మనిషే. నేను దాటి వెళ్తుంటే పిలిచి, రిజిస్టరు తెరిచి, "మేడమ్, మీతో వచ్చినవారి పేరు?" అంది.

మేస్త్రి మాట గుర్తొచ్చింది. పేరు పెడితే ఊరు అడుగుతుంది. "మా చుట్టం," అన్నాను. ఆమె అదే రాసుకుంది.

తమ్ముడు యార్డులో ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను. డబ్బాను కిటికీ గట్టు మీద, వీధి కనబడేలా పెట్టి మూత తీశాను. పొయ్యి మీద కందిపప్పు పెట్టి, అన్నం వార్చి, బల్ల మీద రెండు కంచాలు వేశాను. పప్పు మెత్తగా ఉడికింది. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నాక ఆగి, దాన్ని పక్కన పెట్టి, ముందు ఒక గరిటె తీసి రెండో కంచంలో వడ్డించాను.